నాన్న సైకిల్‌కు చైను కవరు దొరికేదాకా

ఇంట్లో మూలపడి ఉన్న పాత సైకిల్‌ను బాగు చేయించాలనుకునేవారికి ముందుగా ఒక మాట. మెకానిక్ ఎన్ని రోజులంటే దాన్ని నాలుగుతో హెచ్చవేసుకోండి. నాకు పది రోజులన్నారు. 2024 నవంబర్ 10న అప్పగిస్తే డిసెంబర్ 18న చేతికి వచ్చింది. ఆటోలు, టీలు లెక్కలోకి తీసుకోకుండా అయిన ఖర్చు 7,910 రూపాయలు. ఆ డబ్బుకు కొత్త సైకిలే వచ్చేదని నలుగురు చెప్పారు. నలుగురూ నిజమే చెప్పారు.

అసలు ఈ పిచ్చి పట్టింది మా అపార్టుమెంటు వల్ల. సెప్టెంబర్ నుంచి మా బ్లాకులో ఆరుగురు ఆదివారం తెల్లవారుజామున సైకిళ్ల మీద బయలుదేరడం మొదలుపెట్టారు. అన్నీ గేర్ల సైకిళ్లే. ఒకాయనది లక్షా ఇరవై వేలట, రెండు వేళ్లతో ఎత్తి చూపించాడు. లిఫ్టులో కలిసినప్పుడల్లా 'మీరెప్పుడు వస్తారు' అని అడిగేవారు. నలభై ఎనిమిదేళ్లు వచ్చాక ఇలాంటివి పట్టవనుకున్నాను కానీ, తెల్లవారి ఐదున్నరకు కింద వాళ్ల మాటలు వినిపిస్తుంటే పక్క మీద ఉండబుద్ధి కాలేదు. షోరూముకు రెండుసార్లు వెళ్లి, 42 వేల సైకిల్ ఒకటి ఎక్కి దిగి వచ్చాను. రెండోసారి అక్కడి కుర్రాడు నన్ను గుర్తుపట్టి, మంచినీళ్లు కూడా ఇవ్వలేదు.

దీపావళికి తెనాలి వెళ్లాం. పండగ మర్నాడు, నవంబర్ 1న, మేడ మెట్ల కింద టపాకాయల చెత్త ఊడుస్తుంటే కనిపించింది. కొబ్బరి మట్టల వెనక, పాత కిరసనాయిలు స్టవ్వుకు ఆనుకుని, నాన్న అట్లాస్. 22 అంగుళాల ఫ్రేము, తీగలకు బదులు ఇనప కడ్డీలతో పనిచేసే రాడ్ బ్రేకులు. 1979లో 410 రూపాయలకు కొన్నారట. నాన్న ధాన్యం మిల్లులో గుమాస్తా. మోకాళ్లు మొరాయించి 2009లో తొక్కడం మానేసేదాకా ఇల్లు, మిల్లు, బజారు అన్నీ దాని మీదే.

'హైదరాబాద్ తీసుకెళ్లి బాగు చేయిస్తాను నాన్నా' అన్నాను.

'ఏం చేసుకుంటావురా దాన్ని? పాత ఇనుముకు వేసేద్దామంటే మీ అమ్మే ఒప్పుకోలేదు' అన్నారు. పాత ఇనుము అన్న మాట దగ్గర నేను చూపు తిప్పుకున్నాను. ఎందుకో తరువాత చెబుతాను.

నవంబర్ 3న పార్సిల్‌లో వేశాను. 480 రూపాయలు. వాళ్లు చెప్పరు కాబట్టి నేను చెబుతున్నాను: హ్యాండిల్ నట్టు వదులు చేసి ఫ్రేముతో సమంగా పక్కకు తిప్పాలి, పెడళ్లు విప్పి సంచిలో వేసి కడ్డీకి కట్టాలి, గోనెసంచి చుట్టాలి. అన్నిటికంటే ముందు బెల్లు విప్పి జేబులో వేసుకోవాలి. నేను వేసుకోలేదు. మూడు రోజుల తరువాత సైకిల్ వచ్చింది కానీ బెల్లు రాలేదు. అడిగితే, 'రసీదులో సైకిల్ అని ఉంది, బెల్లు అని లేదు కదా సార్' అన్నాడు కౌంటరులోని మనిషి. దానికి నా దగ్గర జవాబు లేకపోయింది.

మూడు రిపేరు షాపులు తిరిగాను. ఒక కుర్రాడైతే రాడ్ బ్రేకులను చూసి ఫోను తీసి ఫొటో తీసుకున్నాడు. సైకిల్‌ను మాత్రం ముట్టుకోలేదు. చివరికి మల్కాజిగిరిలో వేపచెట్టు కింద గాలి పంపు, నీళ్ల తొట్టి పెట్టుకుని కూర్చునే ముసలాయన ఒకరు దొరికారు. అందరూ చాచా అంటారు, నేనూ అలాగే పిలిచాను. ఆయన సైకిల్‌ను ఒకసారి తలకిందులు చేసి పెట్టి, వెనక చక్రం తిప్పి, కళ్లు మూసుకుని ఆ చప్పుడు విన్నారు.

'ఓవరాయిలింగ్ చేయాలి. పది రోజులు. వెయ్యి అడ్వాన్సు' అన్నారు.

'ఈ కంపెనీ సామాను దొరుకుతుందా చాచా?' నాకు ఆ బెంగ ఉంది. సాహిబాబాద్‌లో అట్లాస్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున మూతపడిన వార్త నాకు గుర్తుంది.

'కంపెనీతో పని లేదు. ఈ రకం సైకిళ్లన్నిటికీ ఒకటే కొలత' అన్నారు. అది నిజమని తరువాత తేలింది. లూధియానా నుంచి వచ్చే మామూలు సామానే అన్నిటికీ సరిపోయింది, ఒక్కదానికి తప్ప.

మొదటి వారం రోజూ ఆఫీసు నుంచి వస్తూ ఆగేవాడిని. విప్పేటప్పుడు పక్కనే ఉండాలని నా కోరిక. పెడల్ కర్రలను ఇరుసుకు బిగించే కాటర్ పిన్నులు తుప్పు పట్టి అతుక్కుపోయాయి. కిరసనాయిలు పోసి రెండు రోజులు నానబెట్టాక కూడా రాలేదు. మూడో రోజు కింద ఇనప దిమ్మ ఆనించి సుత్తితో ఒకే దెబ్బ కొట్టారు. పిన్ను ఎగిరి నీళ్ల తొట్టిలో పడింది. లోపల ఒక్కో పక్క 11 గుండ్లు ఉండాలి. ఒక పక్క ఏడే ఉన్నాయి. మిగతా నాలుగూ అరిగి పొడై, ఎండిన చింతపండులాంటి గ్రీజులో కలిసిపోయాయి. ముందు చక్రానికి 32 పుల్లలు, వెనకదానికి 40 ఉంటాయని కూడా నాకు అప్పుడే తెలిసింది. చిన్నప్పుడు వాటికి పూసలు తొడిగిన నేను ఏనాడూ లెక్కపెట్టలేదు. వెనక చక్రంలో రిమ్ము దగ్గర ఒక పూస ఇంకా ఉంది. నీలం రంగు వెలిసి బూడిద రంగైపోయింది. గోటితో జరపబోతే పెళుసుగా పొడిపొడి అయి రాలిపోయింది.

అప్పుడే చాచా ఫ్రేము వెనక కడ్డీ మీద బొటనవేలు పెట్టి అడిగారు: 'ఈ చెవి ఎవరు వంచారు? చైను కవరు దీనికే కదా బిగించేది. పానా పెట్టి విప్పలేదు, బలవంతంగా పీకారు.'

'నేనే' అన్నాను.

అది 1988 డిసెంబర్. నేను ఏడో తరగతి. అంతకు ముందు మా వీధి పిల్లలమంతా అద్దె సైకిళ్లే తొక్కేవాళ్లం. గంటకు రూపాయి. కాలువ ఒడ్డున షాపులో ఎర్ర రంగు చిన్న సైకిళ్లు వరసగా ఉండేవి. నోటుబుక్కులో మన పేరు, నాన్న పేరు రాసుకుని ఇచ్చేవారు. అక్కడి గడియారం ఐదు నిమిషాలు ముందు నడుస్తుందని మాకందరికీ గట్టి అనుమానం. అద్దె సైకిల్ ఉన్నంత కాలం అందరం సమానమే. ఎవరికి ఏ సైకిల్ దొరికితే అది. పడితే మోకాలు, ఆలస్యమైతే పావలా.

ఆ ఏడాది దసరాకు డాక్టరుగారి అబ్బాయికి బీఎస్ఏ ఎస్ఎల్ఆర్ కొన్నారు. ఎర్రది. సన్నటి టైర్లు, తేలికపాటి ఫ్రేము, తొక్కితే చప్పుడే లేదు. నెల తిరక్కుండా ఇంకో ఇద్దరు కొనిపించుకున్నారు. అద్దె షాపు వైపు వెళ్లేది నేనొక్కడినే మిగిలాను. ఒక్కడినే అద్దె సైకిల్ తీసుకుని వాళ్ల వెనక వెళ్లడం నామోషీ అనిపించి, నాన్న సైకిల్ అడగడం మొదలుపెట్టాను. సాయంత్రం ఆరింటికి మిల్లు నుంచి వస్తారు, ఆరు నుంచి ఏడు వరకు నాది. ఆదివారం మధ్యాహ్నం దాకా నాది.

సీటు ఎక్కితే కాళ్లు అందవు. అంతకు ముందు ఏడాది దాకా కడ్డీ కింద నుంచి కాలు దూర్చి, ఒళ్లంతా ఒక పక్కకు వంచి తొక్కేవాడిని. ఏడో తరగతికి వచ్చాక కడ్డీ మీదికి ప్రమోషన్. పెడల్ కిందికి వెళ్లినప్పుడల్లా నడుము ఆ పక్కకు జారాలి, ఇటు ఒకసారి, అటు ఒకసారి. కాలువ గట్టు మీద అంగలకుదురు వైపు పందెం పెడితే వాళ్లు చింతచెట్టు దగ్గర ఆగి నా కోసం ఎదురుచూసేవారు. నాకు ఓడిపోవడం కంటే ఆ ఎదురుచూడటమే ఎక్కువ బాధగా ఉండేది. 'పాల సైకిల్ వచ్చింది, క్యాన్లు ఏవిరా' అనేవాడు ఒకడు. ఇంకొకడు చైను కవరు మీద కాలితో తన్ని, 'ఇది చూడరా, ట్రంకు పెట్టె' అన్నాడు. వాళ్ల సైకిళ్లకు చైను కనిపించేది, నూనె రాసి మెరిసిపోతూ. నా దానికి మాత్రం మొత్తం కప్పేసిన నల్ల రేకు, దాని మీద బంగారు గీత.

ఒక ఆదివారం నాన్న సంగం జాగర్లమూడి పెళ్లికి బస్సులో వెళ్లారు. పానా తీసుకుని పెరట్లో కూర్చున్నాను. రెండు నట్లు వచ్చాయి, మూడోది రాలేదు. స్క్రూడ్రైవర్ దూర్చి, రాయితో కొట్టి ఆ చెవి వంచి పీకేశాను. పాత ఇనుప సామాను బండివాడు తూచి మూడున్నర రూపాయలు ఇచ్చాడు. రెండు రూపాయలకు పుల్లలకు తొడిగే రంగు పూసలు, రూపాయికి హ్యాండిల్ చివర కుచ్చులు, అర్ధ రూపాయికి పుల్ల ఐసు. లెక్క ఇప్పటికీ నోటికి వస్తుంది.

మర్నాడు గట్టు మీద వాళ్లు చుట్టూ చేరి చూశారు. 'బాగుందిరా' అన్నారు. ఎస్ఎల్ఆర్ వాడు దిగి నా సైకిల్ ఎక్కి ఒక చుట్టు తిప్పి కూడా వచ్చాడు. ఆ సాయంత్రం నేను ఎంత ఎత్తున ఉన్నానో చెప్పలేను. రెండు రోజులు. మూడో రోజు వాడు డైనమో లైటు పెట్టించుకుని వచ్చాడు.

నాన్నతో, 'కవరు వదులై చప్పుడు చేస్తోందని తీయించాను, షాపులో ఉంది' అని చెప్పాను. 'ఊఁ' అన్నారు, అంతే. మర్నాడు పొద్దున మిల్లుకు బయలుదేరుతూ గేటు దగ్గర ఆగి, తెల్ల పంచె కుడి అంచు తీసి నడుములో దోపుకున్నారు. ఆ తరువాత 21 ఏళ్లు అలాగే వెళ్లారు. దోపుకోవడం మరిచిపోయిన రోజున పంచెకు నల్లటి గ్రీజు మరక. అమ్మ నూతి పళ్లెం దగ్గర కూర్చుని కిరసనాయిలు గుడ్డతో రుద్దేది, తరువాత సబ్బు, తరువాత ఎండ. కవరు ఏదని నాన్న ఎప్పుడూ అడగలేదు. అడుగుతారేమోనని నేను ఇంటర్‌కు విజయవాడ వెళ్లేదాకా భయపడ్డాను.

ఇదంతా చాచాకు చెప్పలేదు. 'చైను కవరు నేను తెస్తాను' అన్నాను.

కొత్త కవరు 250 రూపాయలకు దొరికేది. చాచా ఒకటి తెచ్చి చూపించారు కూడా. వేలితో ఒత్తితే సొట్ట పడుతోంది. పాతది మందపు రేకు, చైను చుట్టూ పూర్తిగా మూసుకుని, వెనక చక్రం దగ్గర విడిగా ఊడివచ్చే మూత ఉండేది. అలాంటిదే కావాలన్నాను. 'సార్‌కు పని తక్కువ' అన్నారు చాచా పక్కనున్న పండ్ల బండివాడితో.

నవంబర్ 16న కోఠి ఇసామియా బజారుకు వెళ్లాను. అక్కడ వరసగా సైకిల్ దుకాణాలే. ఆరు షాపుల్లో అడిగాను. ఒక పెద్దాయన మాత్రం, 'ఫుల్ గేర్‌కేసా? ఇరవై ఏళ్లయింది ఎవరైనా అడిగి' అని నన్ను కూర్చోబెట్టి టీ తెప్పించారు. సరుకు లేదు. మర్నాడు ఆదివారం ఎర్రగడ్డ సంత. పాత మిక్సీలు, బూట్లు, కుళాయిలు, సగం విప్పిన పిల్లల సైకిళ్లు ఉన్నాయి. కవరు లేదు. 21న ఆఫీసుకు సెలవు పెట్టి జుమ్మెరాత్ బజారుకు వెళ్లాను. ఈ గురువారం సంతకు వెళ్లేవారు పొద్దున్నే వెళ్లాలి, నేను పదకొండుకు చేరేసరికి మంచి సామాను వెళ్లిపోయింది. 24న మళ్లీ ఎర్రగడ్డ. ఈలోగా చాచా పని ఆగిపోయింది. మొదట ఆయన మనవడికి జ్వరం, తరువాత ఆయనకు జ్వరం, తరువాత రిమ్ము కోసం ఎదురుచూపు. ఫోను చేస్తే 'రేపు' అనేవారు. ఆ మాటలో మోసం లేదు, తారీఖు కూడా లేదు.

నవంబర్ 28న ఉదయం ఏడింటికే జుమ్మెరాత్ బజారులో ఉన్నాను. ఒక చోట నేల మీద చక్రాలు లేని, ఆకుపచ్చ రంగు ఫ్రేము పడి ఉంది. దానికి చైను కవరు ఉంది. పూర్తిది. వెనక మూతతో సహా. మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తడిమాను. అలా తడమకూడదు. అమ్మేవాడికి అర్థమైపోయింది.

'కవరు ఒక్కటే ఇస్తావా?'

'మొత్తం తీసుకోండి. రెండు వేలు.'

అరగంట బేరం తరువాత 1,400. నాకు అక్కర్లేని ఫ్రేముకు డబ్బు కట్టి, ఆటోలో అడ్డంగా పెట్టుకుని ఇంటికి తెచ్చాను. ఆ ఫ్రేము ఇప్పటికీ మా బాల్కనీలోనే ఉంది. మా ఆవిడ దాని మీద తడి తువాళ్లు ఆరేస్తోంది.

చాచా వంగిన చెవిని వేడి చేసి సరిచేశారు. సైకిల్ మొత్తానికి రంగు వేద్దామని పట్టుబట్టారు కానీ నేను ఒప్పుకోలేదు. కవరుకు మాత్రం 350 పెట్టి నల్ల రంగు కొట్టించాను. బంగారు గీత గీసేవాడు దొరకలేదు. కొత్త టైర్లు, ట్యూబులు కలిపి వెయ్యి, మజూరీ 2,500, ఇంకా చైను, ఫ్రీవీలు, వెనక రిమ్ము, పుల్లలు, బ్రేకు కట్టలు, పోయినదాని బదులు కొత్త బెల్లు. తోలు సీటుకు మాత్రం ఏమీ కాలేదు. కొబ్బరి నూనె పట్టిస్తే చాలన్నారు.

డిసెంబర్ 22 ఆదివారం మా అపార్టుమెంటువాళ్లతో వెళ్లాను. నానక్‌రామ్‌గూడ దగ్గర ఔటర్ రింగు రోడ్డు పక్కన, పైన సోలార్ పలకల కప్పు వేసిన సైకిల్ దారి ఉంది, అప్పటికి మొత్తం 23 కిలోమీటర్లు. అందరూ నా సైకిల్‌తో ఫొటోలు దిగారు. లక్షా ఇరవై వేలాయన బెల్లు పది సార్లు కొట్టాడు. తరువాత బయలుదేరాం. ఐదు నిమిషాల్లో వాళ్ల హెల్మెట్లు చుక్కలైపోయాయి. ఇరవై కిలోల సైకిల్, నలభై ఎనిమిదేళ్ల కాళ్లు. నాలుగు కిలోమీటర్ల దగ్గర ఆగి నా కోసం ఎదురుచూస్తున్నారు. 'మీరు వెళ్లండి, నేను ఇక్కడి నుంచి వెనక్కి తిరుగుతాను' అన్నాను. చిన్నప్పుడు ఆ మాట అనడం నాకు చేతనయ్యేది కాదు.

సంక్రాంతికి తెనాలి తీసుకెళ్లాలని అప్పుడే అనుకున్నాను. జనవరి 11న కారు పైన కట్టి బయలుదేరాం. ముందు చక్రం విప్పి డిక్కీలో పెట్టాం. పంతంగి టోల్‌గేటు దగ్గర పండగ రద్దీలో గంటన్నర. పక్క కారులో పిల్లవాడు కిటికీ దించి, 'అంకుల్, చక్రం పడిపోయింది' అని అరిచాడు. ఇల్లు చేరేసరికి రాత్రి పదకొండు. నాన్న పడుకున్నారు.

పొద్దున ఆయన లేచేసరికి చక్రం బిగించి అరుగు పక్కన నిలబెట్టాను. నాన్న మొదట బొటనవేలితో టైరు ఒత్తి చూశారు. తరువాత బెల్లు కొట్టారు. తరువాత చెయ్యి మెల్లగా కిందికి దిగి చైను కవరు మీద ఆగింది.

'ఇది మనది కాదు. మనదానికి బంగారు గీత ఉండేది.'

'మనది నేను...' అని మొదలుపెట్టాను.

'తెలుసులే. మర్నాడే మిల్లు గేటు ముందు ఆ బండిలో చూశాను. పది రూపాయలడిగాడు.'

'మరి కొనలేదే?'

'తెస్తే నువ్వు మళ్లీ పీకేసేవాడివి' అన్నారు. లోపలి నుంచి అమ్మ నవ్వు వినిపించింది. అంటే ఆవిడకూ తెలుసన్నమాట.

నాన్న లేచి హ్యాండిల్ పట్టుకున్నారు. తొక్కవద్దు నాన్నా అన్నాను. తొక్కనులే, పాల కేంద్రం దాకా నడిపించుకుని వస్తానన్నారు. స్టాండు తీసి, గేటు దగ్గరకు వెళ్లి ఆగారు. పంచె కుడి అంచు తీసి నడుములో దోపుకుని వీధిలోకి వెళ్లారు.